పాత టీవీలో తెలియని ముఖం

పోయిన వారం కొత్త ఫోను కొనడానికి నన్ను ఆదోని తీసుకుపోయిన మా కోడలు, ఒకే కొలత ఉన్న రెండు ఫోన్లలో చనిపోయిన మా అన్న ఫొటో తెరిచి పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో ఆయన ఎడమకన్ను ఉండాల్సిన చోట మసక నీడ, రెండోదాంట్లో కుట్ల గుర్తులతో సహా గుంట. "అంగుళంలో ఎన్ని చుక్కలు ఇరికిస్తే బొమ్మ అంత తేటగా కనపడతాది మామా, దాన్నే పిక్సెల్ డెన్సిటీ అంటారు" అని ఆమె చెప్పింది. ఆ సంగతి నాకు కొత్త కాదు.

అప్పట్లో నేను ఎమ్మిగనూరులో ఫొటో స్టూడియో నడిపేవాణ్ణి. అన్న ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు లారీ తోలేవాడు. ఒక మధ్యాహ్నం ఆ మిల్లు కాపలాదారును ఎవడో పత్తి కుప్పల మధ్య కొడవలితో నరికి చంపాడు. కొత్తగా పెట్టించిన మంచి కెమెరాలో అది పడింది గానీ, చూడటానికి అక్కడున్నది గుమాస్తా గదిలోని పాత పెద్ద టీవీ. కెమెరా పట్టిన చుక్కలన్నీ చూపే శక్తి దానికి లేదు, ఉన్న కాసిని చుక్కలూ అంత తెర మీద ఎడమెడంగా పరుచుకునేసరికి ముఖం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. తెలిసిందల్లా ఖాకీ చొక్కా. గుంపులో ఉన్న కాపలాదారు బావమరిది, "ఈడు మన లారీ డ్రైవరే గదప్పా" అన్నాడట.

అంతే, గేటు దగ్గర టీ తాగుతున్న అన్నను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలతో బాదారు. తండ్రి నెత్తురు ఇంకా ఆరని చేతులతో కాపలాదారు కొడుకు ఆ పట్టీతోనే అన్న ఎడమకన్ను పొడిచాడు. "నేను కాదప్పా, సరిగ్గా సూడండి" అని దవడ విరిగేదాకా అన్న అరుస్తూనే ఉన్నాడట. నేను ఆస్పత్రికి చేరేసరికి ఆ ముఖంలో గుర్తుపట్టడానికేమీ మిగల్లేదు, చేతి మీది పచ్చబొట్టు చూసి అన్నేనని తెలుసుకున్నాను.

ఫొటోలు దిద్దడానికి తెప్పించుకున్న మంచి మానిటరు నా దగ్గర ఉందని పోలీసులు ఆ రికార్డునూ, గుర్తుపట్టడానికి ఆ కొడుకునూ మా స్టూడియోకే తెచ్చారు. చుక్కలు కిక్కిరిసిన ఆ తెర మీద మీసకట్టూ, చెవిపోగూ తేటగా నిలిచాయి. కొడుకు వంగి చూసి, "మా మామ" అన్నాడు. "నా చేతికి పట్టీ ఇచ్చింది గూడా ఆయప్పే."

మరుక్షణం బల్ల మీది కత్తెర అందుకుని, మామను పొడవాలని గుమ్మం వైపు దూకాడు. నేను అడ్డం పడ్డాను. పెనుగులాటలో కత్తెర నా అరచేతిని చీల్చింది. అన్న కన్ను తీసిన ఆ చేతులను విరిచేయాలన్నంత కోపంతోనే, పోలీసులు విడదీసేదాకా వాటిని వదలకుండా పట్టుకున్నాను.

పొలం తగాదాలో బావను చంపి, చొక్కా మార్చుకుని గుంపులో కలిసి అన్న మీదికి తోసిన ఆ మామ జైలుకు పోయాడు, కొడుకుకూ శిక్ష పడింది. అన్న మళ్లీ లారీ ఎక్కలేదు, బతికినన్నాళ్లూ నలుగురు గుమిగూడితే చాలు, సందు మారి నడిచేవాడు.

ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ నా మానిటరును మించిన తెర ఉంది. మొన్న ఎవరినో దొంగ అని స్తంభానికి కట్టేసి కొడుతున్న వీడియో మా బంధువుల గ్రూపులోకి వచ్చింది, పగిలిన పెదవి, తెగిన గుండీ అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి, తీస్తున్నవాడి చేయి కొంచెం కూడా వణకలేదు. ఆనాడు ఆ దెబ్బల మధ్యలోకి దూరి, తనూ రెండు తిని, అన్నను ఎత్తి ఆటోలో వేసిన ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. అలాంటి మనిషి ఎవరైనా వస్తాడేమోనని ఆ వీడియోను చివరిదాకా చూశాను.