తిత్తి ఊదే మనిషి

2023 జూలై. మెల్‌బోర్న్ చలి ఎముకలు కొరుకుతున్న రోజుల్లో సత్తయ్యగారు ఊరి శివారు క్రెయిగీబర్న్ నుంచి ఒక పాత పెయింటింగ్‌ను దుప్పట్లో చుట్టి నా స్టూడియోకి తెచ్చారు. నేను పెయింటింగ్ కన్సర్వేటర్‌ని. పాత చిత్రాల మురికి తీసి, రంగు ఊడకుండా చూడటం నా పని. ఆయన మెకానికల్ ఇంజనీరు, ఊరు కరీంనగర్ వైపు.

బొమ్మ పదిహేడో శతాబ్దపు యూరప్ బరోక్ పద్ధతిలోది, వేసిందెవరో తెలియదు. రోమన్ల కమ్మరి దేవుడు వల్కన్ సమ్మెట ఎత్తి ఉన్నాడు. వెలుగంతా దాగలి దిమ్మ మీద కాలుతున్న ఇనుము నుంచే. కండలు, చెమట, ఒంగిన నడుము తప్ప మిగతాదంతా చీకటి. ఆ కాలపు చిత్రకారులు దేవుళ్ల చేత కూడా ఇలా ఒళ్లు వంచి పనిచేయించేవారు. అది నాకు భలే ఇష్టం.

సత్తయ్యగారు దేవుడి వంక చూడనే లేదు. మూల చీకట్లో, కొలిమి తిత్తి దగ్గరున్న ఆకారాన్ని చూపించారు.

"మేడం, ఈ తిత్తి ఊదే మనిషి మొఖం కనవడాలె. నాకు గదొక్కటి చాలు."

"ఎందుకండీ ఆ మనిషే?"

"మా నాయిన కమ్మరి. తిత్తి మా అమ్మ ఊదేది. నా చిన్నప్పుడే పోయింది. ఫొటో లేదు. మొఖం యాదికొస్తలేదు."

బొమ్మ మీది వార్నిష్, అంటే రక్షణకు పూసే పూత, బెల్లం రంగుకు తిరిగింది. అది తీస్తే ఏమైనా బయటపడొచ్చన్నాను, మాట మాత్రం ఇవ్వలేదు. వారాల తరబడి ద్రావకంలో తడిపిన దూదిపుల్లలతో తుడిచాను. ఎప్పుడెప్పుడు ఆ మూలకు చేరతానా అని నాకే ఆత్రంగా ఉండేది. నారింజ రంగు ఇనుము తెల్లగా మెరిసింది. తిత్తి మీద రెండు చేతులు, సగం వీపు తేలాయి. ముఖం రాలేదు. పొరల కింది గీతలు చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతోనూ వెతికాను. చిత్రకారుడు ముఖం గీయనే లేదు.

ఆయన్ని పిలిచి ఉన్నమాట చెప్పాను. కొత్త ముఖం వేయమంటారేమోనని భయపడ్డాను కూడా. ఆయన ఆ మూలకు వంగి చూశారు.

"కరెక్టే ఉంది మేడం. కొలిమి కాడ వెలుగు రానియ్యరు. చీకటుంటెనే ఇనుము ఎంత కాలిందో రంగు చూసి తెలుస్తది. మా నాయిన తలుపు దగ్గరికేసేటోడు. అమ్మ గిట్లనే మూలకు కూసునేది, పొద్దంత."

"మరి మీకేం కనిపించేది?"

"మంట లేసినప్పుడు చేతులు. మొఖం మరిచిపోయిన్నని ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకున్న. నేను సూసిందే గీ చేతులు."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేనూ అంతే.

ఇంట్లో గోడకు తగిలించాక పైన లైటు పెట్టించుకోమంటే వద్దన్నారు. ఆ తర్వాత ఎవరు బొమ్మ తెచ్చినా, దూది తడిపే ముందు ఒకటి అడుగుతున్నాను: ఇందులో మీరు ఎవరి కోసం చూస్తున్నారు?