పెద్ద టైర్లు, పాత చెయిన్లు

అక్టోబరు మొదట్లో లడఖ్ తూర్పు కొసన ఉన్న మా పోస్టుకు చేరాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ కాస్తూనే ఉంది, డబ్బాలో నీళ్లు మాత్రం గడ్డకట్టి ఉన్నాయి. రాళ్లు, గాలి, మూడు బంకర్లు. చెట్టన్నది లేదు. బాన్సువాడ ఎండలో పెరిగిన ఒళ్లు నాది. మొదటి వారమంతా తలనొప్పితోనే గడిచింది. ఊళ్లో వాళ్లు ఇప్పటికీ తుపాకి పేల్చినవా అని అడుగుతారు. పేల్చలేదు. నాకు గుర్తున్నది ఒక పికప్ బండి.

రేడియో ఆపరేటర్‌ది మా ఊరి దిక్కే, బిచ్కుంద. బంకర్లో అడుగు పెట్టగానే నా మాట పట్టేశాడు.

"అన్నా, మనోళ్లేనా? ఏ ఊరు?"

"బాన్సువాడ."

"అయితే ఇగ ఫికర్ లేదు. తెలుగుల తిట్టుకోవచ్చు."

ఆ బండి ముందు భాగం కిందికి వంగి ఉండేది. వాగులో రాళ్లు దాటేటప్పుడు ముక్కు కొట్టుకునేది. వర్క్‌షాపు వాళ్లు ముందు స్ప్రింగుల మీద ఇనుప దిమ్మలు పెట్టి ముందూ వెనకా సమానం చేశారు. అప్పుడు చక్రాల పైన ఖాళీ కనబడింది. ఖాళీ కనబడితే మనిషి ఊరుకుంటాడా? పెద్ద సైజు టైర్లయితే ఇంకా బాగుంటుందని సుబేదార్ సాబ్ అడిగి తెప్పించాడు.

బిగించింది మేమే. డ్రైవర్ పంజాబీ, పనిమంతుడు. జాకీ ఎక్కించి, ఒక్కొక్క చక్రం మార్చి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూశాడు. ఎడమ పక్క టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంది. రంపం బ్లేడుతో ఆ ముక్క కోసేశాడు. మళ్లీ తిప్పాడు. రాసుకోలేదు. కొత్త టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు లేవు, నాలుగు ఆలుగడ్డలు పెట్టి తొక్కించాం. అందరం బండి పక్కన నిలబడి ఫోటోలు దిగాం.

"పెండ్లికొడుకు లెక్క ఉన్నది గీ బండి," అన్నాడు ఆపరేటర్.

మంచులో టైర్లకు చుట్టే ఇనుప చెయిన్లు సీటు వెనక గోనెసంచిలో ఉన్నాయి. తనిఖీకి వచ్చిన ఆఫీసరు అడిగాడు: చెయిన్లు ఉన్నాయా? ఉన్నాయి సాబ్. సంచి చూపించాం. మా దగ్గర తనిఖీ అంటే వస్తువు ఉందా లేదా అని. అది దేనికి పడుతుందో ఎవరూ అడగరు. ఆ చెయిన్లు పాత టైర్ల సైజువి. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

డిసెంబరులో మూడు రోజులు మంచు పడింది. నాలుగో పొద్దున ఆపరేటర్ లేవలేదు. దగ్గు. కూర్చున్నా ఆయాసమే.

"అన్నా, ఊపిరి అందుతలేదు," అన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

రేడియో సెట్టు నేనే పట్టుకున్నాను. అటునుంచి కింది క్యాంపు డాక్టరు: "ఊపిరితిత్తుల్లో నీరు. ఆక్సిజన్ పెట్టండి. వెంటనే కిందికి దింపండి. అడుగు కూడా నడిపించొద్దు. ఓవర్."

"హెలికాప్టర్? ఓవర్."

"మబ్బు ఉంది. ఎగరదు. రోడ్డు మీద తీసుకురండి. ఓవర్."

ఎనిమిదిన్నరకు బయల్దేరాం. డ్రైవర్, నేను, వెనక సీట్లో కంబళ్ల మధ్య ఆపరేటర్. ఆ దారితో వచ్చిన తిప్పలేమిటంటే, కిందికి పోవాలన్నా ముందు ఒక కనుమ ఎక్కాలి. ఎక్కుడు మొదలైన చోటే బండి జారింది. అంతంత పెద్ద టైర్లూ ఉత్తినే తిరిగాయి.

చెయిన్లు తీసి వెనక కుడి టైరుకు చుట్టాం. రెండు కొసలకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. డ్రైవర్ నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. టైరులో కొంత గాలి తీశాడు. రెండు వేళ్లకు తగ్గింది, అంతకంటే రాలేదు. చెరొక కొస పట్టుకుని గుంజాం. దగ్గరికి వచ్చాయి, కానీ కొక్కెం తగిలించడానికి మూడో మనిషి లేడు. వదిలితే మళ్లీ దూరమయ్యాయి. మళ్లీ గుంజాం. మళ్లీ అంతే. నాకు ఏడుపు వచ్చింది, సిగ్గెందుకు చెప్పడానికి.

వెనక తలుపు తెరుచుకుంది. ఆక్సిజన్ మాస్కు తీసేసి అతను దిగాడు.

"లోపల కూసో! దిగొద్దన్నరు!" అని అరిచాను.

"మీ ఇద్దరితోని అయితలేదు గద అన్నా. మీరు గుంజుండ్రి, నేను తగిలిస్త."

ఎత్తి లోపల పడేయాలంటే చెయిను వదలాలి. వదల్లేదు. అతను మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతి తొడుగులు తీశాడు. కుడి టైరుకు కొక్కెం పడింది. పాకుతూ ఎడమ టైరు దగ్గరికి వెళ్లాడు. అక్కడా గాలి తీసి గుంజాం, పడింది. తర్వాత లేవలేదు. ఎత్తుకుని సీట్లో పెట్టి మాస్కు తగిలించాం, నేను పక్కన కూర్చున్నాను.

బండి కనుమ ఎక్కింది. ఒక్కసారి కూడా జారలేదు. దిగుడులో, కింద ఆసుపత్రి డేరాలు కనబడుతుండగా, నా భుజం మీద అతని తల బరువెక్కింది. డాక్టరు చూసి కంబళి ముఖం మీదికి లాగాడు.

"దింపారా ఇతన్ని? పని చేశాడా?" అని అడిగాడు.

"చెయిన్లు వేశాడు సాబ్," అన్నాను.

ఆ పోస్టింగు ముగిసి ఇంటికొచ్చాక ముందు బిచ్కుంద వెళ్లాను. వాళ్లన్న ట్రాక్టరు నడుపుతాడు. పొలం గట్టు మీద కూర్చోబెట్టి అడిగాడు, "ఎట్ల పోయిండు అన్నా? బీమారని కాయితంల రాసిండ్రు."

అంతా చెప్పాను. టైర్ల సంగతి, చెయిన్ల సంగతి, దిగొద్దంటే దిగిన సంగతి.

"మా వానికి ఊకె కూసునుడు రాదు," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

బాన్సువాడలో ఇప్పుడు కుర్రాళ్లు పికప్‌ల ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించుకుంటున్నారు. ఆ బండ్లు ఎదురొస్తే నేను చూపు తిప్పుకుంటాను, అయినా లాభం లేదు. మంచులో మోకాళ్ల మీద అతను కనబడతాడు. నోటి చుట్టూ గులాబీ రంగు నురుగు. కొక్కెం పడగానే తలెత్తి, ఎర్రగా కందిన చేతులు మాకు చూపిస్తూ, నవ్వుతాడు.

"పడ్డది అన్నా. ఇగ పోదాం."