నాలుకకు అంటుకునే రాయి

మా రాళ్ళ సారు పోయారు. మంగళవారం పొద్దున మా అమ్మాయి పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, నా పక్కన కూర్చుని చెప్పింది. ఆమె నర్సు. ఇలాంటి కబుర్లు చెప్పడం ఆమె పనిలో ఉన్నదే. అయినా "నాయనా, సారు..." అని ఆగిపోయింది. నేను "ఊఁ" అన్నాను. ఆ ఊఁ ఆయనకు చాలదని అప్పటినుంచీ అనిపిస్తూనే ఉంది. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినవాడి రాత ఇది. తప్పులుంటే పూర్తిగా చెరిపేయకండి. ఒక్క గీత గీసి, కింద సరైనది రాయండి. అది ఆయన నేర్పిన పద్ధతి.

నాటింగ్‌హామ్‌లో ఉన్న మనవాళ్ళలో చాలామంది ఆయన్ను చూసే ఉంటారు. ఇండియన్ షాపులో కరివేపాకు ఎంచుకుంటూ కనబడే పొడుగాటి పెద్దాయన. రాళ్ళ బరువుకు కోటు జేబులు ఎప్పుడూ కిందికి వేలాడుతుండేవి. "బావున్నారా అంకుల్?" అని ఎవరైనా అడిగితే "ఇంకా భూమి పైపొరలోనే ఉన్నానండీ" అనేవారు. గుంటూరు వైపు మనిషి. వయసులో ఉండగా రాళ్ళ చదువు కోసం వచ్చి, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య ముందే పోయారు. పిల్లలు లేరు. పక్క టౌన్‌లో ఒక చిన్న మ్యూజియం ఉంది. మంగళవారం, గురువారం బస్సెక్కి అక్కడికి వెళ్ళి జీతం లేకుండా పని చేసి వచ్చేవారు.

నాది కర్నూలు జిల్లా. నాపరాళ్ళ గనిలో నా ఒళ్ళు అరిగింది. మా అమ్మాయి రమ్మంటే వచ్చాను. వచ్చిన ఏడాది దాకా బయట ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఇంగ్లీషు రాదని చెప్పేవాణ్ణి. నిజానికి నేను తెలుగులోనూ మాట్లాడే మనిషిని కాను.

మా వీధి చివర ఒక పాత రాతిగోడ ఉంది. ఒకరోజు ఎవరూ లేరనుకుని వేలి కణుపుతో దాన్ని కొట్టి చూస్తున్నాను. వెనకనుంచి తెలుగు మాట వినబడింది.

"ఏమండీ, తలుపు తీస్తారనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "లేదు సార్. ఈ రాయి పలకతాది. పక్కది పలకదు. రెండూ ఒక పొరవి కాదు."

ఆయన కాసేపు గోడనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఈ ముక్క చెప్పే మనిషి కోసం నాలుగేళ్ళుగా వెతుకుతున్నానండీ మేస్త్రీ గారూ. మా ఫ్లాటుకి రండి, టీ తాగుదాం" అన్నారు. నేను మేస్త్రీని కానని చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆ పేరే ఉండిపోయింది.

ఆ టీ దగ్గరే డాక్టరు కథ మొదటిసారి విన్నాను. ఆ డాక్టరు నూటయాభై ఏళ్ళ కిందటి మనిషి, మ్యూజియం ఉన్న ఆ టౌన్‌లోనే గుర్రం మీద తిరిగి వైద్యం చేసేవాడు. సారు ఆయన్ను "మన డాక్టరు" అనేవారు, నిన్న కనబడిన మనిషిలాగా. రోగిని చూసి వస్తూ దారిలో మొదట పురుగులు పట్టేవాడట. తర్వాత మొక్కలు. ఏ మొక్క ఏ వారం పూసిందో ఏటేటా రాసుకున్నాడు. ఆపైన సున్నపురాయి గనులకు వెళ్ళడం మొదలుపెట్టాడు. గనివాళ్ళు రాతిలో దొరికిన గవ్వలూ ఎముకలూ దాచి ఇచ్చేవాళ్ళు. లండన్‌లో పెద్దవాళ్ళు ఉద్యోగమిస్తామన్నా ఈయన పోలేదు. "నా రోగులూ నా గనులూ ఇక్కడే ఉన్నాయి" అన్నాడట.

"అందరూ రాళ్ళు తీసుకుని తమ పేర్లు రాసుకున్నారండీ. ఈయన మాత్రం రాయి తీసినవాడి పేరు రాశాడు. చూడండి" అని నోటుపుస్తకం ఫోటోలు చూపించారు. ఒకచోట రాత మీద సన్నటి గీత ఉంది. "ఇక్కడ చేప ఎముక అని రాశాడు. తర్వాత గీత కొట్టాడు. కింద చూడండి. చేప కాదు, బల్లి జాతి. గనిలో పనిచేసే ఫలానావాడు సరిచేశాడు. ఆ ఫలానావాడికి చదువు రాదండీ. తప్పును రుద్ది చెరిపేస్తే ఎక్కడ తప్పామో మళ్ళీ తెలీదు. ఒక్క గీత చాలు."

సారుకు ఒక పని మిగిలిపోయింది. మ్యూజియం వాళ్ళు ఇంకో చిన్న గదికి మారుతున్నారు. లేబుల్ ఉన్న రాళ్ళు వెళ్తాయి. లేనివి వెళ్ళవు. డాక్టరు రాళ్ళలో రెండు సొరుగుల లేబుళ్ళను పురుగు తినేసింది. నోటుపుస్తకం ఉంది, రాళ్ళూ ఉన్నాయి. ఏ రాత ఏ రాయిదో తెలియదు. డాక్టరు పొరలకు పుస్తకాల పేర్లు పెట్టలేదు. గనివాళ్ళు పిలిచిన పేర్లే రాసుకున్నాడు. సారు వాటిని తెలుగులో చెప్పారు. చెవిటి పొర. నాలుక పొర.

"ఇవేం పేర్లో యూనివర్సిటీలో చెప్పలేదండీ" అన్నారు.

"చెవిటిదంటే కొడితే పలకనిది సార్. నాలుకదంటే, బంకమన్ను కలిసినది. నాలుక మీద పెడితే అంటుకుంటాది. మా గనిలోనూ ఉండె."

సారు కప్పు కింద పెట్టేశారు. "లేబుల్ లేకపోతే తోటలో రాయే అది. వాటిని తోట పాలు కానివ్వకండి మేస్త్రీ గారూ."

అలా నేను కూడా మంగళవారం, గురువారం మనిషినయ్యాను. నేను కొట్టి చూసి, తడిమి, నాలుక మీద పెట్టి చెప్పేవాణ్ణి. ఆయన కార్డు రాసేవారు. చూపు తగ్గి ఆయన అక్షరాలు పెద్దవవుతూ వచ్చాయి. "డాక్టరుకీ చివరి పుస్తకంలో ఇంతేనండీ, పేజీకి నాలుగు లైన్లు" అని నవ్వేవారు. మధ్యాహ్నం వెనక మెట్ల మీద ఒకే స్టీలు డబ్బాలో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. నాకు కారం చాలదని ఊరగాయంతా నా వైపు తోసేవారు. నాకు తెలియక నీళ్ళు నమిలితే "తెలీదనే రాద్దాం. తెలీదన్న కార్డు కూడా కార్డేనండీ" అనేవారు. బడిలో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. తెలీదంటే అక్కడ బెత్తం దెబ్బే.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

ఒక గురువారం, మ్యూజియం చూసుకునే ఇంగ్లీషామె వచ్చి మా పక్కన నిలబడింది. నా చేతిలో అరచెయ్యంత బూడిదరంగు రాయి. కొడితే సరిగ్గా తేలలేదు. నాలుక మీద పెట్టాలి. ఆమె ముందు రాయి నాకడమా? చెయ్యి లేవలేదు. "నాలుక పొరదేనా?" అని సారు అడిగారు. "ఔ సార్" అన్నాను. ఆయన సిరాతో రాసేశారు.

తర్వాతి మంగళవారం సారు రాలేదు. బాత్రూంలో పడి ఆస్పత్రిలో చేరారని ఆ సాయంత్రం తెలిసింది. ఆ రోజు మ్యూజియం ఇంగ్లీషామె మా ఇంటికి వచ్చి తీసుకెళితే నేనొక్కణ్ణే సొరుగు దగ్గర కూర్చున్నాను. ఎవరూ చూడకుండా ఆ రాయి నాలుక మీద పెట్టాను. అంటుకోలేదు. ఆయన చేతిరాతలో అబద్ధం రాయించింది నేను.

ఆ సంగతి రెండు వారాలు లోపలే మోశాను. చివరికి మా అమ్మాయికి డ్యూటీ లేని రోజు చూసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది.

"సార్, ఒకటి చెప్పాల. ఆ అరచెయ్యంత రాయి నాలుక పొరది కాదు."

"మరి ఔనన్నారు?"

"ఆయమ్మ ముందర రాయి నాకేదానికి సిగ్గయింది సార్."

సారు నవ్వారు. గొట్టం ఊడేంత నవ్వు. వార్డులో నర్సు పరుగెత్తుకొచ్చింది. "మేస్త్రీ గారూ, ఆవిడ చదివింది రాళ్ళ చదువే. క్లాసులో మొదటివారమే మా అందరి చేతా రాళ్ళు నాకిస్తారండీ!" అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్ని కార్డులు రాశాను, ఒక్కదాని మీదా గీత లేదు. ఇన్నిట్లో ఒక్క తప్పూ లేకుండా ఎలా ఉంటుందా అని నాకు లోపల భయంగానే ఉండేది. బతికించారు. వెళ్ళి గీత గీయండి. కింద మీ పేరు రాయండి."

"నాకు ఇంగ్లీషు రాదు సార్."

"పేరు మీదే కదండీ. మీ అక్షరాల్లో రాయండి."

అదే చివరి మాట. తర్వాత వచ్చింది ఆ మంగళవారం కబురు.

దహనం అయిన తర్వాతి గురువారం నేను ఒక్కణ్ణే బస్సెక్కాను. జీవితంలో మొదటిసారి. దిగేటప్పుడు సారు అనేట్టే "థాంక్యూ డ్రైవర్" అన్నాను. డ్రైవరుకు వినబడిందో లేదో. మ్యూజియంలో పెట్టెలు సర్దుతున్నారు. ఇంగ్లీషామె నన్ను చూసి దగ్గరకు వచ్చింది. మా అమ్మాయి నేర్పిన రెండు ముక్కలు చెప్పాను. "కార్డ్ రాంగ్. మై మిస్టేక్." ఆమెకు అర్థం కాలేదు. సొరుగు లాగి ఆ రాయి తీశాను. కొంచెంసేపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆమె ముందే నాలుక మీద పెట్టి తీసి, తల అడ్డంగా ఊపాను.

ఆమె నన్నూ, రాయినీ, కార్డునూ చూసింది. రాయి నా చేతిలోంచి తీసుకుని, పక్కన ఇంకోచోట తన నాలుక ఆనించింది. తనూ తల అడ్డంగా ఊపింది. ఇద్దరం నవ్వేశాం. నవ్వుతూనే ఆమె వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పెన్ను ఇచ్చింది. సారు పెద్ద అక్షరాలు కింద కనబడేట్టు ఒక్క గీత గీశాను. దాని కింద తెలుగులో రాశాను. నాలుక పొర కాదు. ఏ పొరదో తెలియదు. ఆపైన నా పేరు. ఏం రాశావని ఆమె అడగలేదు. సిరా ఆరేదాకా ఊది, కార్డునూ రాయినీ వెళ్ళే పెట్టెలోనే పెట్టింది.

మూత వేసే ముందు ఒకసారి వంగి చూశాను. బూడిదరంగు రాయి మీద రెండు తడి మరకలు, ఒకటి నాది, ఒకటి ఆమెది. తడిసిన చోట మాత్రం సన్నటి గవ్వ గీతలు నల్లగా తేలి కనబడుతున్నాయి. చూస్తుండగానే అంచులనుంచి మెల్లగా ఆరుతున్నాయి.