అంగడి నా చేతికిచ్చిన మేనత్త

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున నేను మహబూబాబాద్‌ల ఆఫీసుల ఉండంగ, భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేసి "అమ్మ లేదు, జల్ది రా" అన్నడు. ఏడుపు కంటె ముందు నా చెయ్యి బ్యాగులకు పోయింది. ఇరవై రూపాయలున్నయి. బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు గనుక పోవుడైతె పోవచ్చు. మరి దండ? మా ఆయనకు ఫోన్ చేసిన. "ఎంతది తీసుకుంటవ్?" అని అడిగి, పైసలు పూలాయన నంబరుకే కొట్టిండు. నెలనెలా జీతం తెచ్చేదాన్ని నేను. సిగ్గు పడాల్సింది ఎవరో మీరే చెప్పుండ్రి.

మాది కాటారం దగ్గర పల్లె. ఆరో తరగతిల బాపు నన్ను చదువుకని మేనత్త ఇంట్ల దింపిండు. మామది బొగ్గుబాయి పని, రెండు అర్రల క్వార్టర్. ఆ ఇంట్ల ఒక పద్ధతి ఉండె. ఒక వారం బావది, ఒక వారం నాది. మన వారమొస్తే ఆదివారం అంగడి పైసలన్నీ అత్త మన చేతుల పెడుతది. ఏం తెస్తే అదే వండుతది. మిగిలితె మనయే. తక్కువైతె మాత్రం మల్ల ఇయ్యది.

నా మొదటి వారం నేను చేసిన ఘనకార్యం వినుండ్రి. అంగడిల అడుగు పెట్టంగనే మిర్చి బజ్జీలు తిన్న, రెండు డజన్ల గాజులు ఏసుకున్న. మిగిలిన పైసలకు చింతపండు, ఉల్లిగడ్డలు, గిన్ని వంకాయలు తెచ్చిన. మంగళవారానికే వంకాయలు ఒడిసినయ్. అత్త ఒక్క మాట అనలే. రోజూ పచ్చిపులుసే. మామ డ్యూటీ దిగొచ్చి కంచం ముందట కూసొని, "ఏందే, ఇయ్యాల గూడ గిదేనా?" అన్నడు.

"ఈ వారం పొల్లది. దాన్నే అడుగు," అన్నది అత్త.

మామ నా చేతులు చూసి, "గాజులు మంచిగున్నయ్ బిడ్డా. వీటితోని గింత కూర వండరాదు?" అన్నడు. సిగ్గుతోని సచ్చిన. నేను ఏడుస్తుంటె అత్త దగ్గరికి గుంజుకొని, "తప్పు జేస్తే ఉల్లిగడ్డల కాడ్నే చెయ్యి బిడ్డా. జాగలు కొనే కాడ చేస్తే కోలుకోలేవు," అన్నది.

చిల్లర ఎంత మిగిలిందని అత్త ఎన్నడూ అడగకపోయేది. "ఏమనుకొని కొన్నవ్?" అని మాత్రం అడిగేది. మెల్లగ నాకు ఒడుపు తెలిసింది. అంగడి లేచే ముందు పోతే కూరగాయలు అగ్గువకొస్తయని కనిపెట్టిన. మిగిలిన పైసలతోని జామెట్రీ బాక్స్ కొనుక్కున్న. ఆ డబ్బా పట్టుకొని బడికి పోయినంత గర్వంగ నేను నౌకరీ కాయితం గూడ పట్టుకోలే.

పెండ్లయిన మొదటి నెల్లనే మా ఆయన, "నీకెందుకు పరేషాన్, నేను జూస్కుంట గద," అని నా బ్యాంకు కార్డు తీసుకున్నడు. ప్రేమ అనుకున్న. నా తెలివికి అగ్గి తలగ! పన్నెండేండ్లాయె. ఇంటి తలుపు తీసే ఉంటది. గని బయట కాలు పెట్టాలంటె ఎందుకో చెప్పాలె, ఎంతో చెప్పాలె. నెల మొదట్ల మేనత్త ఫోన్ చేసేది. "జీతం పడ్డదా బిడ్డా? నీకంటు ఏమన్న ఉంచుకున్నవా?" "ఉంచుకున్ననత్తా," అనేదాన్ని. నిజం చెప్తే మరుసటి బస్సుకే వచ్చి మా ఆయన ముందట కూసుంటదని తెలుసు. అందుకే చెప్పలే. గిప్పుడు చెప్పుదామంటె వినేటందుకు ఆమె లేదు.

కర్మకాండకు నా బిడ్డను గూడ తోలుకపోయిన. వచ్చేటప్పుడు బస్సుల దానికి ఈ ముచ్చటంత చెప్పిన. గాజుల కాడ పడిపడి నవ్వింది. జరసేపటికి, "మరి మనింట్ల నీ వారం ఎప్పుడమ్మా?" అని అడిగింది. పదకొండేండ్ల పొల్ల.

ఆదివారం పొద్దున మా ఆయన ఎప్పటి లెక్కనే అంగడికని మూడు వందలు తీసి బల్ల మీద పెట్టిండు. నేను ముట్టలే. చెయ్యి చాపిన.

"ఇంకెంత?" అన్నడు.

"పైసలు కాదు. నా కార్డు ఇయ్యి," అన్న.

"పిచ్చి లేసిందా?" అని నవ్వి, మల్ల ఫోన్ల తల పెట్టిండు. నా బిడ్డ చెప్పులేసుకొని, సంచి పట్టుకొని, గడపల నిలబడి మా ఇద్దరిని చూస్తున్నది. చాపిన నా చెయ్యి నొస్తున్నది. నేను దించలే.