నేను దిద్దిన సున్నాలు

ఒక చిన్న వైట్నర్ సీసాతో ఆడపిల్ల మూడేళ్ళ చదువును ముంచబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. బాన్సువాడ వస్తే చూడవచ్చు, మా వాకిట్లోనే కూర్చుని ఉంటాడు. మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను చిన్నవాణ్ణి, అరవై తొమ్మిదేళ్ళే. వయసు పొగరు.

నేను బడి మెట్టు ఎక్కలేదు. బెల్లం, పప్పు కట్టి ఇచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, ముడతలు సాపు చేసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. దానితో పాటే ఒక జబ్బు అంటుకుంది. రాతలో తప్పు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. పెళ్ళిపత్రికలో తప్పుంటే ఆ పెళ్ళికే పోను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదివించకుండానే పోయింది.

మనవరాలు మౌనిక డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదివేది. చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష నాడు జ్వరంతో మంచం పట్టింది. మళ్ళీ పెట్టే పరీక్ష ఒక్కటే మిగిలింది. అది తప్పితే పీజీకి యూనివర్సిటీలో వచ్చిన సీటు పోతుంది. ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజులవి.

ఆ పరీక్షకు రికార్డు అనే పుస్తకం తీసుకుపోవాలి. ఏడాదంతా చేసిన ప్రోగ్రాములు చేత్తో రాసి, పేజీ పేజీకీ సారు చేత ఎర్ర సంతకం పెట్టించుకున్న పుస్తకం. పరీక్షకు ముందురోజు పొద్దున పిల్ల దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

"తాతా, నేను సూడకుంట చెప్త. ఇండ్ల ఉన్నట్టే చెప్తున్ననో లేదో సూడు."

"చెప్పు బిడ్డా."

"పేర్లు దాచే గడులు వరసగ ఉంటయి. మొదటి గడి నంబరు సున్నా, రెండోదాని నంబరు ఒకటి..."

"ఆగు. మొదటిది సున్నా ఏంది?"

"గట్లనే ఉంటది తాతా."

"నలభై ఏండ్లు మిల్లుల బస్తాలు లెక్కవెట్టిన. సున్నా నంబరు బస్తా ఒక్కటి సూపియ్యి."

"బస్తాలు వేరు, గిది వేరు."

"లెక్క యాడనన్న లెక్కనే. మీ సారుకు ఒకట్లు రావు."

పిల్ల నవ్వి, హాల్ టికెట్ తెచ్చుకోవడానికి కాలేజీకి పోయింది. నవ్వే బదులు నాలుగు తిట్టి ఉంటే మీకు ఈ కథ చదివే బాధ తప్పేది.

పేజీలు తిప్పాను. ప్రతి పేజీలోనూ సున్నాలే. సారు తప్పు రాయించాడు, పిల్ల తప్పు బట్టీ పట్టింది, రేపు మునుగుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఆ కత్తిపీట లేచి జిరాక్స్ దుకాణానికి వెళ్ళి వైట్నర్ కొనుక్కొచ్చింది. పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు రంగు వేసినంత శ్రద్ధగా గడి సున్నాలన్నీ తుడిచి, ఆరేదాకా ఊది, ఒకట్లు వేశాను. పదుల్లో, వందల్లో ఉన్న సున్నాల జోలికి పోలేదు. అంత తెలివితక్కువవాణ్ణి కాను.

మా ఇంటిది లస్మవ్వ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏం జేస్తున్నవ్?"

"పిల్లను గట్టెక్కిస్తున్న."

"నువ్వు బాగుజేసిన గడియారం గిప్పటిదాంక నడ్వలే. యాదుంచుకో."

అసూయ అనుకున్నాను. రికార్డును పిల్ల సంచిలో భద్రంగా పెట్టాను. మౌనిక ఆ సాయంత్రం వేరే నోట్సు చదువుకుంది, రికార్డు తెరవనే లేదు.

మర్నాడు నేనూ వెంట వెళ్ళి కాలేజీ వరండాలో కూర్చున్నాను. అరగంట గడవకముందే అటెండరు బయటికి వచ్చి, "మౌనిక తాత ఎవరు? మేడం పిలుస్తుంది" అన్నాడు. సన్మానం కాబోలని కండువా సర్దుకున్నాను.

లోపల పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. నిజామాబాద్ నుంచి పరీక్ష తీసుకోవడానికి వచ్చిన మేడం ముందు రికార్డు తెరిచి ఉంది, సున్నం పెచ్చులు లేచిన గోడలా.

"పెద్దమనిషీ, గీ తెల్లరంగు మీరే వెట్టిన్రా?"

"నేనే. తప్పులు దిద్దిన."

"సారు సంతకం అయినంక మారిస్తే రికార్డు చెల్లదు. రికార్డు లేకుంటే పరీక్షకు కూసోవెట్టరాదు."

"తప్పు నాది. నన్ను ఫెయిల్ జెయ్యున్రి మేడం."

"పరీక్ష రాసేది మీరు కాదు గద."

ఆమె చాలాసేపు పేజీలు తిప్పింది. చివరికి మౌనికతో అంది: "ఎనిమిదో ప్రోగ్రాం మీ తాత దిద్దినట్టే కంప్యూటర్ల కొట్టు. ఏమైతదో సూపెట్టు. ఎందుకైందో ఆయనకు సమజ్ అయ్యేటట్టు చెప్పు. చెప్పగల్గితే గీ రికార్డు నీ చేతితోని రాసిందే అని నమ్ముత."

అది ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా చూపించే ప్రోగ్రాం. మేం అయిదుగురం. తెర మీద లస్మవ్వ వచ్చింది. కొడుకు సాయిలు వచ్చాడు. కోడలు పుష్ప, ఆఖరున మౌనిక. అంతటితో ఆగిపోయింది.

"నా పేరేది?"

"ఇంటికి పెద్దోనివని మొదటి గడిల రాసిన తాతా. నువ్వు ఒకటికెల్లి సురువు జెయ్యమన్నవు. అది సున్నా గడిని ముట్టలే."

తెర మీది పేర్లు వేలితో మళ్ళీ లెక్కపెట్టాను, నాలుగే.

"తాతా, కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఏమంటవ్?"

"లాభం."

"ఒకటి అనవు గద?"

"అనను. లాభం, రెండు, మూడు."

"ఒకటి అనకుంటే ఆ కుంచంల వడ్లు మాయమైతయా?"

"కావు."

"గిదీ గంతే. సున్నా అంటే గడి ఖాళీ అని కాదు. మొదటికెల్లి ఎన్ని గడులు దాటాల్నో అదే నంబరు. మొదటి గడికి దాటేదేం లేదు."

మేడం తల దించుకుని మార్కులు వేసింది. పిల్ల చెప్పిన జవాబుకు నిండా వేసింది. దానితోనే మౌనిక గట్టెక్కింది, సీటూ నిలబడింది. రికార్డుకు రావలసిన మార్కుల దగ్గర మాత్రం, నేను నిలబడి చూస్తుండగానే, ఎర్ర సిరాతో గుండ్రంగా ఒక సున్నా చుట్టింది. దాన్ని దిద్దే ధైర్యం నాకు కలగలేదు.

కనుక బుద్ధిపూర్వకంగా ప్రమాణం చేస్తున్నాను. పరాయి రాతలో తప్పు కనిపిస్తే ముందు అడుగుతాను, తర్వాతే మండిపడతాను. వైట్నర్ సీసా మూత తీయను. తీయక తప్పని రోజే వస్తే, నేను తుడిచేస్తున్నది నన్నే కాదు కదా అని ముందు రూఢి చేసుకుంటాను.