సంపూర్ణమ్మ కుడిచెయ్యి

తెల్లారగట్ల మెలకువ వచ్చినా సంపూర్ణమ్మ వెంటనే కళ్లు తెరవదు. దుప్పటి కిందే కుడిచేతి బొటనవేలిని ఒక్కొక్క వేలికీ తాకించి చూసుకుంటుంది. ముందు చిటికెన వేలు. అది ఎప్పుడూ పలుకుతుంది. ఉంగరపు వేలు సగం పలుకుతుంది, సగం పలకదు. మధ్యవేలు, చూపుడువేలు మాత్రం తనవి కానట్టు, ఎవరో పక్కలో మరిచిపోయిన దూది వత్తుల్లా పడి ఉంటాయి. అప్పుడు చేతిని మంచం మీంచి కిందికి వేలాడేసి విదిలిస్తుంది. ముందు చీమలు పాకినట్టు, ఆ తర్వాత సూదులు గుచ్చినట్టు ప్రాణం తిరిగొస్తుంది. వచ్చాకే ప్రార్థన. అది రాకుండా దేవుడితో మాట్లాడాలంటే ఆవిడకి భయం.

ఆ భయానికొక పేరుంది గానీ, ఆ పేరు ఆవిడ పైకి అనదు. వాళ్లమ్మకి వచ్చింది అదే. పాలకొల్లు దగ్గర వాళ్ల ఊళ్లో వాళ్లమ్మంత సన్నంగా లేసు అల్లే మనిషి లేదని చెప్పుకునేవారు. ఒకనాటి పొద్దున ఆవిడ దారపుండ అందుకోబోయి, "ఇదేంటే, చెయ్యి రావట్లేదు" అంది. అంతే, చెయ్యి పడిపోయింది. సాయంత్రానికి మూతి వంకరపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆవిడకి అన్నం కలిపి ముద్దలు పెట్టింది సంపూర్ణమ్మే. ముద్ద నోటికి అందిస్తుంటే అమ్మ అన్నంవంక చూసేది కాదు, కూతురి వేళ్లవంక చూసేది.

పరికిణీ కట్టే వయసులో సంపూర్ణమ్మ చేతికి కొనన కొక్కెం ఉన్న లేసు సూది ఇచ్చింది కూడా ఆ అమ్మే. అప్పట్నుంచీ ఆ సూది దించింది లేదు. పెళ్లయినా, పిల్ల పుట్టినా, భర్త పోయినా, వేళ్లు అల్లుతూనే ఉన్నాయి. అరవై దాటాక మణికట్టు నొప్పి మొదలైతే ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. నొప్పంటే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, అందరికీ ఉన్నదే. కిందటి క్రిస్మస్ ముందు మొదలైన తిమ్మిరి సంగతే దాచింది.

దాచింది చర్చిలో సగం బయటపడింది. స్త్రీల సమాజం కూడికలో ప్రార్థన అయ్యాక టీ ఇచ్చారు. గ్లాసు సంపూర్ణమ్మ చేతిలో ఉన్నట్టే ఉంది, మరుక్షణం నేలమీద ముక్కలై ఉంది. పక్క వీధిలో కాపురముండే కూతురు హెలెన్, స్కూలు టీచరు, పరుగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

"గ్లాసుకి జిడ్డుందే. జారింది."

"జిడ్డు గ్లాసుకి కాదు, నీ మాటలకుంది. ఏదీ, చెయ్యి చూపించు."

చూపించక తప్పలేదు. అయినా నొప్పి ఒక్కటే ఒప్పుకుంది. హెలెన్ వాళ్ల స్కూల్లో ఒక టీచరు అత్తగారికి మణికట్టు నొప్పి రాజమండ్రిలో కైరోప్రాక్టర్ దగ్గర తగ్గిందట. కత్తీ లేదు, సూదిమందూ లేదు, చేత్తోనే కీళ్లు సరిచేస్తాడట. శనివారం వెళదామంది.

ఆ మాట విన్న మెర్సీ ఊరుకుంటుందా? సంపూర్ణమ్మతో రోజూ అరుగుమీద కూర్చుని లేసు అల్లే మనిషి. ఫోన్లో వీడియో వెతికి మరీ చూపించింది. ఎవడో ఒక డాక్టరు, ఒక మనిషి తల రెండు చేతులా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. టక్!

"ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు లేదూ వదినా?" అంది మెర్సీ. "చేతిలో ఉన్న లేసు పువ్వు పూర్తి చేసి వెళ్లు. వచ్చాక ఏ చేత్తో అల్లుతావో ఏమో!"

సంపూర్ణమ్మా నవ్వింది. కానీ ఆ టక్కు ఆవిడ చెవిలోంచి పోలేదు.

శనివారం బస్సు సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటి రావులపాలెంలో ఆగేసరికి, అరటి మార్కెట్టు నుంచి వచ్చిన జనం బిలబిలా ఎక్కేశారు. "అమ్మగారూ, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు కండక్టరు. సంపూర్ణమ్మ చేతులు ఒళ్లోకి ముడుచుకుని ఒదిగి కూర్చుంది. ఆ మాట ఆవిడకి కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు 'సర్దుకుపో' అనేది. ఇప్పుడదే మాట ఇంగ్లీషు నేర్చుకుని బస్సెక్కింది. అర్థం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఇంతకంటే ఏమీ రాదు, ఉన్నదాంతో ఉండు.

రాజమండ్రి దానవాయిపేటలో మేడమీద ఉంది క్లినిక్. డాక్టరు ఆదిత్య కుర్రవాడే, గట్టిగా మాట్లాడే రకం కాదు. హెలెన్ మంచినీళ్ల సీసా కోసం కిందికి దిగింది. ఆయన సంపూర్ణమ్మ చేతిని తన చేతుల్లోకి తీసుకుని వేళ్లు ఒత్తి చూశాడు. మణికట్టు కిందికి వంచి కాసేపు అలాగే ఉంచాడు. తిమ్మిరి జివ్వున ఎక్కింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఇక టక్కుమంటుంది, ఇక విరుగుతుంది.

"తిమ్మిరిగా ఉందా అండీ?"

"అబ్బే, లేదు బాబూ."

ఆయన మణికట్టు మధ్యన వేలితో చిన్నగా తట్టాడు. మధ్యవేలి చివరిదాకా కరెంటు పాకినట్టయి ఆవిడ "ప్రభువా!" అంది. ఆయన తనలో తనే తలాడించుకున్నాడు.

"అడ్జస్ట్ చేసుకోవాలమ్మా. ఈ వయసులో ఒక్కసారిగా వద్దు. కొంచెం కొంచెంగా అడ్జస్ట్ చేసుకుంటూ వెళ్దాం. ఉండండి, పట్టీ తెస్తాను" అని లోపలి గదిలోకి వెళ్లాడు.

సంపూర్ణమ్మకి ఇంకేమీ వినబడలేదు. అడ్జస్ట్ చేసుకోవాలి. అంటే మందు లేదు. అంటే అదే. లేచింది, చెప్పులు వేసుకుంది, వెంట తెచ్చుకున్న లేసు సంచీ కుర్చీలోనే వదిలేసింది. ఎడమచేత్తో గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే సగంలో కాళ్లు సహకరించక అక్కడే కూలబడింది. కాళ్లు కూడానా? అప్పుడేనా?

హెలెన్ ఎదురొచ్చింది. "ఇక్కడ కూర్చున్నావేంటమ్మా? ఇంద, తాగు" అని సీసా మూత తీసి అందించింది. సంపూర్ణమ్మ సీసా అందుకోలేదు. కూతురి వేళ్లవంక చూస్తూ ఉండిపోయింది. తను ఎలా చూస్తోందో తనకే తెలిసింది. అమ్మ అచ్చం ఇలాగే చూసేది.

"పక్షవాతమే హెలెనూ" అంది. ఇన్నాళ్లూ నోట్లో నొక్కిపెట్టిన మాట. "డాక్టరు చెప్పేశాడు. అడ్జస్ట్ అయిపోమన్నాడు."

"అడ్జస్ట్ అయిపోమన్నాడా! ఆ మాట చెప్పించుకోడానికి ఇంతదూరం రావాలా? ఉండు, అడుగుతాను."

అడగడానికి పైకి వెళ్లనక్కర్లేకపోయింది. ఒక చేత్తో లేసు సంచీ, ఇంకో చేత్తో పట్టీ పట్టుకుని ఆయనే దిగొస్తున్నాడు. "సంచీ వదిలేసి వెళ్లిపోయారేంటండీ?"

"మా అమ్మకి పక్షవాతం అన్నారంట? అడ్జస్ట్ అయిపోమన్నారంట?"

ఆయన ముందు తెల్లబోయాడు. తర్వాత సంగతి అర్థమై పై మెట్టుమీద కూర్చున్నాడు. "అయ్యో, అడ్జస్ట్ అవ్వాల్సింది మీరు కాదండీ, మీ మణికట్టు. కీలు సరిచేయడాన్ని మా వాళ్లు అలా అంటారు. పక్షవాతం మాట నేను అననే లేదు." సంచీ ఆవిడ ఒళ్లో పెట్టి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పండి, తిమ్మిరి ఉందా?"

సంపూర్ణమ్మ అవునన్నట్టు తల ఊపింది.

"చిటికెన వేలికి కూడా ఎక్కుతుందా?"

"లేదు బాబూ. పొద్దున్నే అదే ముందు పలుకుతుంది."

"విదిలిస్తే తగ్గిపోతుందా?"

"తగ్గుతుంది."

"అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టుందండీ. చిటికెన వేలి నరం వేరే దారిన వెళుతుంది, అందుకే అది బాగుంది. కానీ నా మాట ఒక్కటే నమ్మొద్దు. నరాల డాక్టరుతో పరీక్ష చేయించుకు రండి. అది చూశాకే చెయ్యి వేస్తాను."

"టక్కుమనిపిస్తారా?"

"మీ ఎముకలకి ఆ పని చెయ్యను."

పరీక్షలో తేలింది నరమే. మళ్లీ వెళ్లిన రోజున కూడా సంపూర్ణమ్మ కళ్లు గట్టిగా మూసుకునే కూర్చుంది. ఆయన చేతిని మెల్లగా లాగాడు, అటూ ఇటూ కదిపాడు. ఆవిడ టక్కు కోసం ఎదురుచూస్తూనే ఉంది.

"అయిపోయిందండీ."

"ఏం అయిపోయింది?" అంది కళ్లు తెరవకుండానే. హెలెన్ ఫక్కున నవ్వింది. సంపూర్ణమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కన్నీళ్లు వచ్చాయి.

నొప్పి పూర్తిగా పోలేదు. తిమ్మిరి చాలావరకు తగ్గింది. ఇప్పుడు సంపూర్ణమ్మ రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ వేసుకుని పడుకుంటుంది. సూది పిడికి గుడ్డ చుట్టుకుని పొద్దున పూట మాత్రమే అల్లుతుంది. సన్నదారం పని మానేసింది. మణికట్టుతో పాటు తనూ కొంచెం అడ్జస్ట్ అయింది.