గీజరు చెడిపోయిన మంచిరోజులు

ఆ రోజుల్లో, దేశం కాని దేశంలో ఒక నగర శివారైన టార్నీట్‌లో మా ముగ్గురు బ్రహ్మచారుల కాపురానికి లోటంటూ ఉంటే అది వంటే. (వంట వచ్చని ఒకరికొకరం చెప్పుకున్నాకే ఇల్లు అద్దెకు తీసుకున్నాం.) ఉద్యోగాలు కొత్త, చలి కొత్త, బ్రెడ్డుముక్క నములుతూ రైలెక్కడం ఒక్కటే పాతబడిపోయింది. అలాంటి జూలైలో (ఇక్కడ అది నడి చలికాలం) ఒక ఉదయం మా గీజరు చెడిపోయింది. తలకు సబ్బు పెట్టుకుని ఉన్న మా భీమవరం వాడి కేక విని, నేను ఇంటి ఓనరు అంకుల్‌కి ఫోను చేశాను. ఆయన కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ సాయిబుగారు, రెండు వీధుల అవతలే ఉంటారు.

"రిపేరు నా బాధ్యతప్పా. పార్టు వచ్చేదానికి టైం పడుతుందంట. అంతవరకు మీ స్నానం గూడా నా బాధ్యతే. టవల్స్ తీసుకొని మా ఇంటికి రాండి," అన్నారు.

మర్నాటి నుంచి భుజాన తువ్వాళ్లతో వీధిలో మా ఊరేగింపు మొదలైంది. కుక్కల్ని తిప్పుతున్న తెల్లవాళ్లు, ఈ చలిలో వీళ్లు ఏ బీచ్‌కి పోతున్నారా అని ఆగి చూసేవారు. స్నానం చేసి బయటికి రాగానే ఆంటీ, "ఉత్త కడుపుతో యాడికి పోతారు? కూసోండి," అని వేడివేడి మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టేవారు. వాళ్ల పిల్లలిద్దరూ "టూ స్పైసీ, మమ్" అంటూ పాలలో సీరియల్ కలుపుకునేవారు. మేం మాత్రం సిగ్గు విడిచి మారు వడ్డించుకునేవాళ్లం. అమ్మ చేతి టిఫిను గుర్తొచ్చి ఒకరోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. (మిరపకాయ ఘాటని చెప్పి తప్పించుకున్నాను.)

శుక్రవారం ప్లంబరు వచ్చి బాగు చేసి వెళ్లాడు. కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు. ముగ్గురం దాని చుట్టూ నిలబడి దిగులుపడ్డాం.

"ఇంకా చల్లగానే వస్తున్నాయని చెప్పేద్దాంరా," అన్నాడు భీమవరం వాడు.

"ఆయన ఇంకో ప్లంబర్ని పిలుస్తారు, పాపం," అన్నాను.

చివరికి థాంక్స్ చెప్పే నెపంతో శనివారం పొద్దున్నే బయల్దేరాం. తలుపు తీసిన అంకుల్ ముఖం అదోలా ఉంది.

"ఒక మాట చెప్పాల. పార్టు బుధవారమే వచ్చిండె. మారు అడిగి తినేటోళ్లు దొరికినారు, రెండు దినాలు ఆగు అనింది మీ ఆంటీ. వేడినీళ్లు రాకుంటే వెంటనే చేయించాల, అది రూలు. మీరు కంప్లైంట్ పెడతారేమోనని నాకు ఒకటే భయం."

"పెడితే పెట్టనీ. ముందు కూసోమను," అని వంటింట్లోంచి వినిపించింది.

కూర్చున్నాం. నోట్లో బజ్జీ ఉన్నవాడు ఏం కంప్లైంట్ పెడతాడు?

ఇప్పుడు నాకు సొంతిల్లుంది. బాధ్యతంతా నాదే కనుక గీజరుకు ఏటా సర్వీసు చేయిస్తాను. అయినా చలికాలం పొద్దున ఎప్పుడైనా నీళ్లు కాస్త ఆలస్యంగా వేడెక్కితే, కుళాయి కింద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆశపడతాను.